ఓదార్పు ప్రాక్టికల్స్

ముందుగా ఒక మనవి. నేను అక్షరాలు దిద్దింది అరవై దాటాక. ఒత్తులు పడాల్సిన చోట పడకపోయినా, పడకూడని చోట పడినా పెద్దమనసు చేసుకోండి. ఈ కాసిని కాగితాలు రాయడానికి నాకు మూడు నెలలు పట్టింది. మీరు కూడా కాస్త నిదానంగా చదివితే, ఇద్దరం ఇంచుమించు ఒకేసారి పూర్తి చేస్తాం.

ఇక విషయం. మొన్నామధ్య ఒకనాడు, ఆపై వచ్చే ఆదివారం మొదలుకొని సభ్యులందరూ తమ భావాలను నిర్ణీత పద్ధతిలో మాత్రమే అనుభవించాలని మా చర్చి సంఘ కమిటీ ఏకగ్రీవంగా తీర్మానించింది. తీర్మానం కాపీలు నోటీసు బోర్డు మీద ఒకటి, మంచినీళ్ళ కుళాయి దగ్గర ఒకటి, గొడుగులు పెట్టే మూలలో ఒకటి అంటించారు. కమిటీని తప్పు పట్టడానికి లేదు. ఆ ఒక్క ఏడాదిలోనే సంఘంలో తొమ్మిది తగాదాలు జరిగాయి. అందులో నాలుగు ఫ్యాను ఎవరి వైపు తిరగాలన్న దాని గురించి, రెండు బెంచీల గురించి, ఒకటి పరలోకంలో ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలన్న దాని గురించి. మిగతా రెండూ దేని గురించో తగాదా పడ్డవాళ్ళకే గుర్తులేదు. అయినా పట్టుదలగా కొనసాగిస్తున్నారు.

ఈ పరిస్థితి చక్కదిద్దడానికి పాస్టరుగారు కొండల మీద జరిగిన మూడు రోజుల శిక్షణకి వెళ్ళొచ్చారు. వస్తూ వస్తూ ఒక ఫైలు, నలభై ఎనిమిది గడులున్న రంగురంగుల భావాల చక్రం, తల ఒక పక్కకి వాల్చే అలవాటు తెచ్చుకున్నారు. అంతకు ముందు ఎవరైనా కష్టం చెప్పుకోవడానికి వెళితే ఆయన కళ్ళు మూసుకుని ప్రార్థన చేసేవారు. ఇప్పుడు కళ్ళు తెరిచే ఉంచి, తల వాల్చి, "ఊ" అంటున్నారు. ఎంత ప్రగతి సాధించామో మీరే చూడండి.

మా భావాల శిక్షణ ప్రారంభోత్సవం నాడు ఆయన చేసిన ప్రసంగం వినడానికి రెండు కళ్ళూ చాలలేదు. "సహోదరులారా, సహోదరీలారా, ఇన్నాళ్ళూ మన సంఘంలో మూడే భావాలున్నాయి. సంతోషం, పశ్చాత్తాపం, ప్రసంగం ఎప్పుడవుతుందా అనే ఎదురుచూపు. ఇది పేదరికం. నేటితో మన పేదరికం తీరిపోయింది. ఇకపై ఒక్కొక్కరికీ తలా నలభై ఎనిమిది" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. చప్పట్లు చక్రంలో ఎన్నో గడిలోకి వస్తాయో తెలియక కొందరు మధ్యలో ఆపేశారు.

ఈ ప్రసంగానికి అందరికంటే ఎక్కువ పొంగిపోయినవాడు తూనికలాయన. తూనికలు కొలతల శాఖలో ముప్పై ఏళ్ళుగా ఇన్‌స్పెక్టరు. దుకాణం దుకాణానికీ తిరిగి కిలో రాయి కిలో ఉందో లేదో, లీటరు కొలత లీటరు ఉందో లేదో చూసి సీలు వేయడం ఆయన పని. లోకంలో గొడవలన్నీ సీలు వేయని వస్తువుల వల్లే వస్తాయని ఆయన నమ్మకం. భావాలకి కూడా ఒక కొలత వచ్చిందని తెలిసేసరికి ఆయన ప్రాణం లేచొచ్చింది. ఎందుకంటే ఆ సమయానికి ఆయన భార్య ఇల్లు వదిలి వెళ్ళిపోయి ఇరవై ఆరు రోజులైంది.

ఆమె వెళ్ళిన కారణం చిన్నదే. ఇరవై రెండేళ్ళు క్వయర్‌లో ముందు వరసలో నిలబడి పాడిన మనిషిని, గొంతు వణుకుతోందంటూ వెనక వరసకి మార్చారు. అక్కణ్ణించి తలుపు పక్కకి, తలుపు పక్క నుంచి పాటల పుస్తకాలు పంచే పనికి మార్చారు. ఆ రోజు ఆమె ఇంటికొచ్చి వంటింట్లో స్టూలు మీద కూర్చుని ఏడ్చింది. తూనికలాయన అన్యాయస్తుడు కాడు. అడ్డు చెప్పకుండా ఏడవనిచ్చాడు. గడియారం వైపు చూస్తూ నిలబడ్డాడు. చివరికి, "పదకొండు నిమిషాలైంది. మీ నాన్న పోయినప్పుడే తొమ్మిది నిమిషాలు ఏడ్చావు. క్వయర్‌కి ఇది ఎక్కువ" అన్నాడు.

ఆయన ఉద్దేశంలో అది ఓదార్పు. తూకం ఎక్కువైందని చెప్పేవాడు లేకపోతే మనిషికి ఎలా తెలుస్తుంది?

ఆమె స్టూలు మీంచి లేచింది. బట్టలు, కళ్ళజోడు, తన దిండు సంచిలో పెట్టుకుని, రెండు వీధుల అవతల రొట్టెల దుకాణం నడిపే అక్క దగ్గరికి వెళ్ళిపోయింది. దిండు కూడా తీసుకెళ్ళిందంటే ఇది ఒక పూట అలక కాదని ఎవరికైనా అర్థమవుతుంది. తూనికలాయనకి మాత్రం మంచం మీద ఒక దిండు తక్కువైందన్న సంగతే అర్థమైంది.

ప్రారంభోత్సవం అయిన నాలుగో రోజున వదినగారు, అంటే ఆ రొట్టెల అక్కగారు, చేతుల పిండి కూడా కడుక్కోకుండా వచ్చి కబురు చెప్పింది. చెల్లెలికి ఏమీ అక్కర్లేదట. ఆయన వచ్చి ఒక్కసారి పక్కన కూర్చుంటే చాలట. లేకపోతే నెలాఖరు దాటగానే, సోమవారం పొద్దున్న, పక్క ఊళ్ళో ఆడపిల్లల హాస్టల్లో వార్డెన్‌గా చేరిపోతుందట. ఉండడానికి గది, భోజనం వాళ్ళే ఇస్తారట.

ఆ మాటకి తూనికలాయన లేచి నిలబడ్డాడు. రాత్రికి రాత్రి పరిగెత్తి వెళ్ళాలనిపించింది కూడా. కానీ "కూర్చోవడం" అంటే ఏమిటి? ఎంతసేపు? ఎంత దూరంలో? మాట్లాడాలా, ఊరుకోవాలా? ఇవేవీ కబుర్లో లేవు. వివరాలు లేని పనికి దిగితే ఏమవుతుందో పదకొండు నిమిషాల వ్యవహారంలో ఒకసారి చూశాడు. కాబట్టి మర్నాడే వెళ్ళి శిక్షణలో పేరు రాయించుకున్నాడు. రోల్ నంబరు ఒకటి.

తరగతులు శనివారం మధ్యాహ్నం సండేస్కూలు గదిలో జరిగేవి. అక్కడున్నవన్నీ పిల్లల కుర్చీలు. యాభై ఏళ్ళ పెద్దమనుషులు మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చుని, మొదటి పాఠంగా "నువ్వు నన్ను అలా అన్నప్పుడు నాకు ఇలా అనిపించింది" అనే వాక్యం పలకడం నేర్చుకున్నారు. ఫలితం వెంటనే కనిపించింది. పిట్టగోడ గురించి ఏళ్ళుగా బూతులు తిట్టుకుంటున్న అన్నదమ్ములు ఆ సాయంత్రమే, "తమ్ముడూ, నువ్వు నా గోడ పడగొట్టినప్పుడు నాకు నారింజ రంగు అనిపించింది," "అన్నయ్యా, నీకు నారింజ రంగు అనిపించిందని నేను విన్నాను" అని చెప్పుకున్నారు. గోడ మాత్రం పడే ఉంది. కానీ ఎంత మర్యాదగా పడి ఉందో!

రెండో పాఠం వినడం. ఎదుటివాళ్ళు ఏదంటే అది తిరిగి అప్పజెప్పాలి. దీన్ని అభ్యాసం చేయడానికి అందరూ రొట్టెల దుకాణానికే బయల్దేరేసరికి అక్కడ లైను వీధి మలుపు దాటింది. "మీరు రెండు రొట్టెలు కావాలంటున్నారని నాకు వినిపిస్తోంది" అని దుకాణంలో పనిచేసేవాళ్ళు అనడం, "నాకు రెండు రొట్టెలు కావాలని మీకు వినిపించిందని నాకు సంతోషం" అని కొనేవాళ్ళు అనడం. రొట్టెలు చల్లారిపోయేవి. వదినగారు ఒక్కతే ఈ శిక్షణలో చేరలేదు. "కావాల్సింది చెప్పి జరగండి, వెనక జనం ఉన్నారు" అనేది. ఆమెకి భావ వికాసం లేదని కమిటీ విచారంగా నమోదు చేసుకుంది.

మూడో పాఠం క్షమాపణ. ఏడు డెబ్బైల మార్లు క్షమించమన్నాడు ప్రభువు. లెక్క చూస్తే నాలుగు వందల తొంభై. అందుచేత నాలుగు వందల తొంభై గడులున్న క్షమాపణ కార్డు అచ్చు వేయించి తలా ఒకటి ఇచ్చారు. క్షమించినప్పుడల్లా ఒక గడిలో టిక్కు పెట్టుకోవాలి. క్వయర్ మాస్టరు మొదటి నెలలోనే హార్మోనియం వాయించే ఆయన్ని నాలుగు వందల ఎనభై ఎనిమిది సార్లు క్షమించేసి, మిగిలిన రెండు గడుల వైపు ఆశగా చూస్తున్నాడు. ఆయన అంత ఉత్సాహంగా క్షమించడం సంఘం ఎప్పుడూ చూసి ఉండలేదు.

నాలుగో పాఠం కన్నీళ్ళు. స్నేహితుడి సమాధి దగ్గర ప్రభువు ఏడ్చాడన్న దాన్ని ఆధారంగా తీసుకుని, ఎంతసేపు ఏడ్చాడు, చక్రంలో ఎన్నో గడి ఏడుపు అన్నది తేల్చడానికి ఒక ఉపకమిటీ వేశారు. అది ఇంకా కూర్చునే ఉంది.

తూనికలాయన వీటన్నిటిలో మొదటి మార్కు తెచ్చుకోవడమే కాక, విధానాన్ని మెరుగుపరిచాడు కూడా. తల వాల్చడం మనిషి మనిషికీ తేడాగా ఉందని గమనించి, కోణమానిని తెచ్చి పదిహేను డిగ్రీలకి స్థిరపరిచాడు. చేయి కలిపితే మూడు ఊపులు. "ఊ" ఒక సంభాషణకి రెండు. మౌనం ఏడు సెకన్లు. పాస్టరుగారు ఆనందం పట్టలేక చక్రంలో ముప్పై ఒకటో గడికి చేరుకున్నట్టు ప్రకటించారు.

మధ్యలో వదినగారు మళ్ళీ వచ్చింది. ఈసారి కూర్చోలేదు.

"మరిదిగారూ, అది పొద్దుణ్ణించి కిటికీలోంచి వీధి వంక చూస్తోంది. రెండు వీధులు నడవడానికి మీకు ఎన్ని వారాలు కావాలి?"

తూనికలాయన తల పదిహేను డిగ్రీలు వాల్చాడు. "వదినగారూ, మీరు ఆందోళనలో ఉన్నారని నేను వింటున్నాను."

"విన్నారుగా. చెప్పులేసుకుని కదలండి."

కదలాలనే ఉంది. కానీ సర్టిఫికెట్ రాకముందు ఎవరూ ఎవరినీ ఓదార్చరాదనీ, అనర్హుల సానుభూతి వల్ల ప్రాణహాని కూడా కలగవచ్చనీ కమిటీ సర్క్యులర్ తీసింది. కార్యదర్శి హెడ్‌క్లర్కుగా రిటైరైన మనిషి. సర్క్యులర్ కింద సంతకం రెండుసార్లు పెట్టాడు. ఆఖరి పరీక్ష నెలాఖరు శనివారం. ఆమె వెళ్ళేది సోమవారం. మధ్యలో ఆదివారం ఉంది కదా, పాసై సర్టిఫికెట్‌తో వెళ్ళి తలుపు తడతానని తూనికలాయన వివరించాడు. వదినగారు ఆయన్ని కింది నుంచి పైదాకా ఒకసారి చూసి, ఏ గడిలోనూ చేరని ముఖంతో వెళ్ళిపోయింది.

పరీక్ష అంటే రాత పరీక్ష కాదు, ప్రాక్టికల్స్. ఏడుస్తున్న మనిషిని ఎనిమిది నిమిషాల్లో ఓదార్చాలి. ఇక్కడ ఒక చిక్కు వచ్చిపడింది. శిక్షణ అంత బాగా జరగడం వల్ల సంఘంలో ఏడ్చేవాళ్ళెవరూ మిగల్లేదు. ఎవరికి దుఃఖం వచ్చినా గడి నంబరు చూసుకునేసరికి ఇంకిపోతోంది. ఉల్లిపాయలు తెప్పిద్దామని ఒకరన్నారు. ఉల్లిపాయ కన్నీరు కల్తీ కిందికి వస్తుందని తూనికలాయనే అడ్డుపడ్డాడు. చివరికి కార్యదర్శికి, పాటల పుస్తకాలు పంచే ఆవిడ పుస్తకాలు తడిపేస్తోందని ఆ మధ్య వచ్చిన ఫిర్యాదు గుర్తొచ్చింది. కమిటీ ఊపిరి పీల్చుకుంది.

కార్యదర్శి రొట్టెల దుకాణం మీద గదికి వెళ్ళి, శనివారం ఒక పూట ఏడవగలరా అని ఆమెని మర్యాదగా అడిగాడు. ఆవిడ ముందు వద్దంది. అభ్యర్థుల జాబితా చూపించమని అడిగింది. చూసి మొదటి పేరు మీద వేలు పెట్టింది.

"ఆయనొచ్చి నా పక్కన కూర్చుంటారా?"

"రూలు ప్రకారం కూర్చోవాలమ్మా. కూర్చోకపోతే అయిదు మార్కులు పోతాయి."

"అయితే వస్తాను" అంది.

శనివారం సండేస్కూలు గదిలో గోడ పక్కన రెండు చిన్న కుర్చీలు వేశారు. ఎదురుగా పెద్ద బల్ల వెనక పాస్టరుగారు, కార్యదర్శి, క్వయర్ మాస్టరు మార్కుల కాగితాలతో కూర్చున్నారు. ఆమె వచ్చి ఒక కుర్చీలో సర్దుకుంది. గంట కొట్టగానే రోల్ నంబరు ఒకటి లోపలికి వచ్చాడు. ఇరవై ఆరు రోజుల లెక్క అప్పటికి యాభై మూడుకి చేరింది. తల నున్నగా దువ్వుకున్నాడు. ఆమెని చూడగానే ఆయన అడుగులు గబగబా పడ్డాయి, కానీ అడుగులకి మార్కులు లేవు.

"సోదరీ, మీ పక్కన కూర్చోవడానికి మీ అనుమతి కోరుతున్నాను."

ఆమె వెనక్కి తిరిగి చూసింది. వెనక గోడ ఉంది. "నన్నేనా అండీ?"

"అవును సోదరీ."

"నన్ను సోదరీ అంటారేంటండీ, ముప్పై ఏళ్ళు కాపురం చేసి?"

కార్యదర్శి దగ్గాడు. ఏడ్చే వ్యక్తి ఎదురు ప్రశ్నలు వేయరాదని గుర్తుచేశాడు. ఆమె సరేనంది. తూనికలాయన కూర్చున్నాడు. తల వాల్చాడు. ఏడు సెకన్లు ఊరుకున్నాడు. కోణం చూసి పాస్టరుగారి ముఖం వెలిగిపోయింది.

"మీరు బాధలో ఉన్నారని నాకు వినిపిస్తోంది."

"నేనింకా ఏమీ అనలేదు కదండీ."

"ఊ" అన్నాడు తూనికలాయన. మొదటిది.

ఆ "ఊ" విని ఆమెకి నిజంగానే ఏడుపొచ్చింది. పాడేటప్పుడు తన గొంతు వణుకుతున్న మాట నిజమేననీ, అది వయసు వల్ల కాదు భయం వల్లననీ, పిల్లా పీచూ లేని ఇంట్లో ఆదివారం పొద్దున్న ఆ నాలుగు పాటలే తనకి ఊపిరనీ, ఆ సంగతి ఆయనకి చెప్పాలని ఆ రోజు స్టూలు మీద కూర్చుంటే ఆయన గడియారంతో మాట్లాడాడనీ చెప్పుకొచ్చింది. క్వయర్ మాస్టరు తల వంచుకుని కాగితం మీద ఏదో రాసుకున్నట్టు నటించాడు. తూనికలాయన రెండో "ఊ" అన్నాడు. నాలుగు మడతల రుమాలు కుడిచేత్తో అందించాడు. సరిగ్గా ఎనిమిదో నిమిషంలో గంట మోగింది. వందకి తొంభై ఎనిమిది. ఆ గదిలో అంత ఓదార్పు అంతకు ముందు ఎన్నడూ నమోదు కాలేదు.

గంట మోగగానే లేవాలి. ఆయన లేచాడు.

ఆమె ముఖం తుడుచుకుని రుమాలు మడిచి తిరిగి ఇచ్చేసింది. "అయిపోయిందా అండీ? బాగా చేశారు. పాసవుతారు లెండి" అంది. తర్వాత ఆయన చొక్కా వంక చూసింది. "రెండో గుండీ ఊడిపోయింది. సూదీ దారం అల్మారాలో కింది అర, బిస్కెట్ల డబ్బాలో ఉంటాయి. సోమవారం నేను వెళ్ళాక ఎవర్నడుగుతారు, అందుకని చెబుతున్నాను."

తూనికలాయన గుండీ లేని చోటు చేత్తో తడుముకున్నాడు. లోపల్నుంచి ఏదో పైకి వచ్చింది. గోడకి తగిలించిన చక్రం వైపు చూశాడు. నలభై ఎనిమిది గడులూ వెతికాడు. లేదు.  ఆయన గబుక్కున ఆ చిన్న కుర్చీలో మళ్ళీ కూలబడ్డాడు. ఆ కుర్చీ అంత మనిషిని, అంత దుఃఖంతో, మోయడానికి చేసింది కాదు. రెండు కాళ్ళు ఒకేసారి విరిగి, తూనికలాయన నేల మీద పడ్డాడు.

లేవలేదు. పడ్డచోటే కూర్చుని భోరుమన్నాడు.

కార్యదర్శి రెండోసారి గంట కొట్టాడు. ఎవరూ వినలేదు.

"నాకేం చెప్పాలో తెలీడం లేదే" అన్నాడాయన.

"తెలీకపోతే చెప్పకండి" అంది ఆమె. తన కుర్చీలోంచి దిగి ఆయన పక్కన నేల మీద చతికిలబడింది. ఆయన చేయి పట్టుకుంది. ఇద్దరూ ఏడ్చారు. మధ్యలో ఆయన విరిగిన కుర్చీ కాలు చూసి ఆమె నవ్వింది, ఆ నవ్వు చూసి ఆయన మళ్ళీ ఏడ్చాడు. ఇలా ఏడవడం, నవ్వడం ఒకేసారి చేయడం నిబంధనలకి విరుద్ధమని వేరే చెప్పనక్కర్లేదు.

ఫలితం ఆ సాయంత్రమే నోటీసు బోర్డెక్కింది. అనుమతి లేకుండా చేయి పట్టుకోనిచ్చినందుకు ఇరవై మార్కులు, ఓదార్చవలసినవాడే ఏడ్చినందుకు నలభై, ఆస్తి నష్టానికి పది, ఏం చెప్పాలో తెలీదని బహిరంగంగా ఒప్పుకున్నందుకు ముప్పై తీసేశారు. తొంభై ఎనిమిదిలోంచి వంద తీయడం కుదరదు కాబట్టి, రెండు మార్కులు పెద్దమనసుతో వదిలేసి సున్నా వేశారు. పరీక్షకి కూర్చున్న నూట డెబ్బై మందిలో ఫెయిలైంది తూనికలాయన ఒక్కడే. మిగతావాళ్ళ కోసం ఆవిడ మళ్ళీ ఏడవడానికి ఇష్టపడకపోవడంతో, వాళ్ళందర్నీ ఒకేసారి ఖాళీ కుర్చీని ఓదార్చమన్నారు. అందరూ మంచి మార్కులతో గట్టెక్కారు. కుర్చీ నుంచి ఒక్క ఫిర్యాదు కూడా రాలేదు.

మర్నాడు ఆరాధనలో పాస్టరుగారు బరువైన గొంతుతో మాట్లాడారు. "మనలో ఒక సహోదరి, సోమవారం నాటి ఉద్యోగం వదులుకుని, ఫెయిలైన వ్యక్తితో కాపురానికి వెళ్ళిపోయింది. ఆ ఇంట్లో నిబంధనలు లేని భావాలు ఉన్నాయి. ఆ కుటుంబం కోసం కన్నీటితో ప్రార్థన చేద్దాం." కన్నీరు ఎవరికీ రాలేదు గానీ ప్రార్థన చేశాం. ఆ సమయంలో వాళ్ళిద్దరూ వెనక బెంచీలో ఒకే పాటల పుస్తకం పట్టుకుని ఉన్నారు. ఆమె వణుకుతున్న గొంతుతోనే పాడింది. ఆయన శ్రుతి తప్పి పాడాడు. ఇద్దర్లో ఎవరు ఎక్కువ తప్పారో ఆయన లెక్క పెట్టలేదు.

ఆ తర్వాత ఆ వీధిలో వాళ్ళ కిటికీ కింద నుంచి వెళ్ళేవాళ్ళు కాస్త నెమ్మదిగా నడవడం మొదలుపెట్టారు. లోపల్నుంచి గిన్నెల చప్పుడు, దెబ్బలాట, మధ్యలో నవ్వు వినిపిస్తాయని చెప్పుకున్నారు. మొదటి వారం ఇద్దరు ఆడవాళ్ళు, రెండో వారం తొమ్మిది మంది ఆడవాళ్ళు, ముగ్గురు మగవాళ్ళు విడివిడిగా కార్యదర్శి దగ్గరికి వచ్చి, ఎవరికీ చెప్పొద్దని ఒట్టేయించుకుని, తమ ఇంట్లో పాసైనవాళ్ళని ఫెయిలు చేయించడానికి ఏదైనా ఫారం ఉందా అని అడిగారు.

కమిటీ ప్రజల కోరికని ఎన్నడూ తోసిపుచ్చలేదు. ఫెయిలవడం నేర్పే ఆరు వారాల తరగతులు వచ్చే శనివారం నుంచి అదే గదిలో ప్రారంభమవుతాయి. చేరదలచినవాళ్ళు తొంభైకి పైగా మార్కులతో పాసై ఉండాలి. పేర్ల జాబితా గొడుగుల మూలలో అంటించారు. మీ పేరు రాయించుకోవడానికి మీరు అంత దూరం రానక్కర్లేదు. నిన్ననే మీ ఇంట్లోవాళ్ళు వచ్చి రాయించి వెళ్ళారు.

ఇట్లు,
ఇస్త్రీ పెద్దమ్మ,
వయసు డెబ్బై ఒకటి,
ప్రస్తుతం ఉండేది చిన్నకూతురి ఇంట్లో, మేడ మీద వెనక గది.